మోరల్ సైన్స్‌కు మార్కులు వద్దు

రెండో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలు. ఆ రోజు మోరల్ సైన్స్ పేపరు. గదిలో టీచరుగా నేనే ఉన్నాను. గంట కొట్టడానికి ఇంకో పావుగంట ఉందనగా మూడో బెంచీలో ఒక బాబు వాంతి చేసుకున్నాడు. పక్క పిల్లలు ముక్కులు మూసుకుని, పేపర్లు పట్టుకుని దూరం జరిగారు. ఆయమ్మను పిలవడానికి వరండాలోకి వెళ్లి వచ్చేసరికి, వెనక బెంచీ పాప వాడి పక్కన కూర్చుని ఉంది. యూనిఫాంకి పిన్నుతో గుచ్చిన తన రుమాలు తీసి వాడి మూతి తుడుస్తోంది. తన సీసాలో నీళ్లు తాగించింది. ఆయమ్మ వచ్చి తీసుకెళ్లేదాకా వాడి వీపు రాస్తూనే ఉంది. తిరిగి తన చోటికి వెళ్లి పెన్సిల్ పట్టుకునేసరికి గంట కొట్టారు. చివరి పేజీ ఖాళీగా ఇచ్చేసింది.

ఆ పాపకు 25కు 14 వచ్చాయి. వేసింది నేను. ప్రోగ్రెస్ కార్డులో ‘శ్రద్ధ పెంచుకోవాలి’ అని రాసిందీ నేనే.

వాళ్లమ్మ హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం వెనక ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేది. కార్డు పట్టుకుని వచ్చి, ‘మా పిల్లకు బుద్ధి సరిగ్గా లేదా టీచరమ్మా?’ అని అడిగింది. మోరల్ సైన్స్ అంటే బుద్ధి నేర్పే పాఠమని ఎవరో చెప్పారట. పరీక్ష రోజు జరిగింది ఆమెకు చెప్పాను. కానీ మార్కులు అప్పటికే రిజిస్టరులో ఎక్కాయి. కార్డు మారలేదు.

అమీర్‌పేటలో ఒక క్రైస్తవ ప్రాథమిక పాఠశాలలో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సండే స్కూల్లో ఇప్పటికీ పిల్లలకు కథలు చెబుతున్నాను. ఆ 14 మాత్రం నన్ను వదల్లేదు. అందుకే మన క్రైస్తవ పాఠశాలల యాజమాన్యాలను ఒక్కటే కోరుతున్నాను. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా మోరల్ సైన్స్‌కు పరీక్ష, మార్కులు తీసేయండి.

మార్కులు లేకపోతే పిల్లలు చదవరని అంటారు. లూకా సువార్తలో యేసును ప్రశ్నించిన ధర్మశాస్త్ర పండితుణ్ణి గుర్తు చేసుకోండి. దేవుణ్ణి, పొరుగువాణ్ణి ప్రేమించాలనే ఆజ్ఞ అతడికి నోటికి వచ్చు. తప్పు లేకుండా అప్పజెప్పాడు. సరిగ్గా చెప్పావంటూనే యేసు అతడికి మంచి సమరయుడి కథ చెప్పి, నువ్వూ వెళ్లి అలాగే చెయ్యమని పంపాడు. మన పరీక్ష అప్పజెప్పడం దగ్గరే ఆగిపోతోంది.

పరీక్ష లేని పీరియడ్లో ఏం జరుగుతుందో నేను చూశాను. మూడో తరగతిలో ఓసారి జక్కయ్య కథ చెప్పాను. మేడిచెట్టెక్కి యేసును చూసిన సుంకరి, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నవాడు. కథ అయ్యాక నీతి చెప్పలేదు. ‘మొదట ఎవరింటికి వెళ్లి ఉంటాడు?’ అని మాత్రమే అడిగి, రెండు నిమిషాలు కళ్లు మూసుకోమన్నాను. మర్నాడు పొద్దున నా టేబుల్ మీద రెండు షార్ప్‌నర్లు, ఒక రబ్బరు, సగం అరిగిన ఎర్ర క్రేయాన్ ఉన్నాయి. ఎవరు పెట్టారని నేను అడగలేదు. పోగొట్టుకున్నవాళ్లు వచ్చి తీసుకున్నారు. ఆధ్యాత్మికంగా ఎదగడమంటే ఆ వయసుకు అదే. తప్పు తనంతట తనకు గుర్తుకు రావడం, దిద్దుకునే దారి తెరిచి ఉండటం.

మా అమీర్‌పేటలో గోడ కనిపిస్తే కోర్సు పోస్టరే. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదొచ్చినా నెల, నెలన్నరలో నేర్పేస్తారు. ఎన్నో పల్లెల పిల్లలకు ఈ వీధులు అన్నం పెట్టాయి, ఆ గౌరవం నాకుంది. కానీ జాలికి, క్షమకు క్రాష్ కోర్సు లేదు. అయిదారేళ్ల పిల్లలు ఇళ్లలో, వీధిలో వినేది ర్యాంకుల మాటే. వారానికి ఒక్క పీరియడైనా పోటీ లేకుండా కూర్చోనిద్దాం.

మరో అనుమానానికీ సూటిగా జవాబు చెప్పాలి. విలువల పేరుతో మతం నూరిపోస్తారని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. ప్రభుత్వ గుర్తింపు గానీ, సాయం గానీ పొందే పాఠశాలలో సంరక్షకుల సమ్మతి లేకుండా ఏ బిడ్డనూ మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మనకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అడ్మిషన్ రోజునే ఆ మాట తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. మా తరగతిలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి వెళ్లి కుంకుమ బొట్టుతో వచ్చిన పిల్లలున్నారు, రంజాన్ సేమియా తెచ్చి పెట్టిన పిల్లలున్నారు. చాలా క్యాథలిక్ స్కూళ్లలో గంట కొట్టగానే క్రైస్తవ పిల్లలు జ్ఞానోపదేశానికి ఒక గదిలోకి, మిగతావాళ్లు మోరల్ సైన్స్‌కు ఇంకో గదిలోకి వెళ్తారు. జ్ఞానోపదేశం విడిగా ఉండాల్సిందే. కానీ పంచుకోవడం, మన్నించడం నేర్చుకునేటప్పుడు పిల్లలంతా ఒకే గదిలో ఉండాలి. మన్నించాల్సింది పక్క బెంచీవాణ్ణే కదా.

పిల్లలకు పరీక్ష తీసేశాక, బడి తన పరీక్ష తాను రాసుకోవాలి. ప్రిన్సిపాల్‌కు గుడ్ మార్నింగ్ చెప్పే పిల్లలు, మరుగుదొడ్లు కడిగే ఆయమ్మకు నమస్తే చెబుతున్నారా? టీచరు పొరపాటున ఒక బిడ్డను తిడితే అందరి ముందూ ‘తప్పు నాది’ అంటున్నారా? పేదింటి బిడ్డకు సీటు ఉందా?

ఈ మూడో ప్రశ్న చాలా బరువైంది. విద్యా హక్కు చట్టం ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలంది. ఆ చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. చట్టం నుంచి మినహాయింపు దొరికింది. సువార్త నుంచి దొరకలేదు. మా నాయనమ్మది ఒంగోలు దగ్గర పల్లె. 1866లో ఒంగోలుకు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరను ఆ ఇంట్లో దేవుడి తర్వాత తలుచుకునేవారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మేం దూరమవుతామని పెద్ద కులాలవాళ్లు హెచ్చరించినప్పుడు ఆయన మాదిగల పక్కనే నిలబడ్డాడు. మా ఇంట్లోకి అక్షరం అలా వచ్చింది. ఆ అక్షరంతోనే నేను టీచరునయ్యాను. ఇవాళ హాస్టల్ వంటమనిషి బిడ్డకు, వాచ్‌మన్ బిడ్డకు మన గేటు తెరవకపోతే ఆ చరిత్ర చెప్పుకునే హక్కు మనకు ఉండదు.

మార్కుల గడిలో ఏం రాయాలని అడుగుతారేమో. ఏడాదిలో ఆ బిడ్డ చేసిన ఒక మంచి పనిని టీచరు కళ్లారా చూసి, ఒక్క వాక్యంలో రాయాలి. నలభై మందికి నలభై వాక్యాలు రాయాలంటే నలభై మందినీ నిజంగా చూడాలి. టీచరుకూ అది మంచి సాధన.

‘వాంతి చేసుకున్న తోటి బాబును దగ్గరకు తీసుకుంది.’ ఆ పాప కార్డులో నేను రాయాల్సిన వాక్యం ఇది. వాళ్లమ్మ హాస్టల్లో ఏ చదువుకునే అమ్మాయి చేతనో ఆ ఒక్క మాట చదివించుకుని, ఆ సాయంత్రం బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉండేది.