బ్యాక్టీరియాకి భీమిలి పేరు

మా పల్నాడుకి సముద్రం లేదు. నరసరావుపేట కుర్రాళ్లకి బీచ్ అంటే బాపట్ల దగ్గర సూర్యలంకే. కానీ పిడుగురాళ్ల బట్టీల్లో కాలే సున్నపురాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నదే. అందుకేనేమో, కోడ్ రాసుకునే నాకు కూడా సముద్రపు కబుర్లంటే సరదా. ఈ వారం అలాంటిదే ఒకటి.

2007లో ఒక కొత్త బ్యాక్టీరియాకి మారిక్రోమాషియం భీమ్లికమ్ అని పేరు పెట్టారు. అవును, మన భీమిలి పేరే! ఉప్పునీటి సాగు చెరువులో దొరికింది. అదే ఏడాది రోడోవులమ్ విశాఖపట్నమెన్స్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ కూడా వచ్చాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చింతలపాటి వెంకట రమణ, జేఎన్‌టీయూలో చింతలపాటి శశికళ గారి బృందాలు ఏళ్లుగా చేస్తున్న పని ఇది.

కంటికి కనిపించని జీవి కొత్తదని ఎలా తేలుస్తారు? ముందు 16ఎస్ జన్యువు చదువుతారు. సుమారు 1500 అక్షరాలు. తెలిసిన జాతులతో పోల్చి చూస్తారు. మేం ఆఫీసులో రెండు ఫైళ్లకి డిఫ్ కొట్టినట్టే అన్నమాట. పోలిక దాదాపు 98.7 శాతం కంటే తక్కువుంటే కొత్త జాతి అయ్యే అవకాశం గట్టిగా ఉన్నట్టు. ఎక్కువుంటే మాత్రం ఆ ఒక్క జన్యువు చాలదు, మొత్తం డీఎన్‌ఏని పోల్చాలి. ఆ తర్వాత ఏం తింటుంది, ఎంత ఉప్పు కావాలి, గాలిలోని నత్రజనిని వాడుకోగలదా అని పరీక్షలు. భీమ్లికమ్‌కి ఆ చివరిది చేతకాదు. ఇదంతా అయ్యాక ఆ బ్యాక్టీరియాని రెండు వేర్వేరు దేశాల్లోని భాండాగారాల్లో దాచాలి. రేపు ఎవరైనా తెప్పించుకుని సరిచూసుకోవచ్చు.

భీమిలి పేరుంది కదా అని అది భీమిలిలోనే ఉంటుందనుకోకండి. పేరు చెప్పేది మొదట దొరికిన చోటు మాత్రమే. సూక్ష్మజీవులు అన్నిచోట్లకీ చేరతాయనీ, ఎక్కడ నిలవాలో పరిసరాలే తేలుస్తాయనీ డచ్ శాస్త్రవేత్త బాస్ బెకింగ్ 1934లోనే అన్నాడు. ఈ ఊదారంగు గంధక బ్యాక్టీరియాకి వెలుతురు కావాలి, ఆక్సిజన్ ఉండకూడదు, కుళ్లిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కావాలి. మడ అడవుల బురద, ఉప్పుటేరులు, రొయ్యల చెరువుల అడుగు దానికి సరిగ్గా సరిపోతాయి.

అసలు సంగతి ఇక్కడుంది. మిగిలిన మేత కుళ్లితే పుట్టే ఆ వాయువు రొయ్యలకి విషం. ఈ బ్యాక్టీరియాకేమో అదే ఆహారం. రొయ్యల సాగులో దేశంలో ముందున్నది మన రాష్ట్రమే కాబట్టి ఈ పేర్ల గొడవ ల్యాబ్ దాటి చెరువు గట్టుదాకా వస్తుంది. అయితే ల్యాబ్‌లో వాయువుని తిన్నది ప్రతి చెరువులోనూ తింటుందని కాదు. ఉప్పు తగ్గితే? ఏరేటర్లు రోజంతా ఆక్సిజన్ కొడుతుంటే? నీళ్లు చిక్కబడి అడుక్కి వెలుతురే అందకపోతే? జాతి పేరు తెలిస్తేనే ఈ ప్రశ్నలైనా అడగగలం.

మీ ఇంట్లో రొయ్యల సాగు ఉంటే, ఈసారి ప్రోబయోటిక్ ప్యాకెట్ తిప్పి చూడండి. అందులో ఏ జాతి, ఏ స్ట్రెయిన్ ఉందో రాశారా? ‘మేలు చేసే బ్యాక్టీరియా’ అని మాత్రమే ఉంటే కొట్టువాణ్ని అడగండి. హోటల్ మెనూలో ‘కూర’ అని మాత్రమే రాసుంటే, ఏం కూరో అడక్కుండా ఆర్డర్ ఇస్తామా మరి?