కొత్త మోకాలికి ఫోన్‌ తోడు

మోకీలు మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చిన పెద్దావిడ చుట్టూ మొదటి వారమంతా హడావిడే. రెండో వారానికి కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు స్కూలుకి. మంచం పక్కన వాకరూ, ఆసుపత్రిలో ఇచ్చిన వ్యాయామాల కాగితమూ మిగులుతాయి. 'ఇవాళ నొప్పిగా ఉంది, రేపు చేద్దాంలే' అంటుంది ఆవిడ. మర్నాడూ అదే మాట.

చిక్కంతా అక్కడే. అమర్చిన కీలు ఎంత మంచిదైనా కదలిక లేకపోతే దాని చుట్టూ ఉన్న కణజాలం బిగుసుకుపోతుంది. అందుకే మొదటి ఆరు వారాలు చాలా ముఖ్యం. కుర్చీలోంచి తేలిగ్గా లేవాలన్నా, మెట్లెక్కాలన్నా మోకాలు 90 డిగ్రీలైనా వంగాలి. కాలు నిటారుగా చాపగలగడమూ అంతే అవసరం. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటారు చాలామంది. దాంతో కాలు పూర్తిగా చాపడం కష్టమవుతుంది. మరీ బిగుసుకుపోతే మళ్లీ మత్తిచ్చి వంచాల్సి రావచ్చు.

ఇలాంటప్పుడు సెల్‌ఫోన్‌ యాప్‌లు అక్కరకొస్తాయి. వేళకి గుర్తుచేస్తాయి. మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, తొడ కండరం బిగించి వదలడం ఎలాగో వీడియోలో చూపిస్తాయి. నొప్పి పదికి ఎంతో అడిగి రాసుకుంటాయి. కొన్ని మోకాలు ఎంత వంగిందీ కొలుస్తాయి. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది కదా, ఆ సెన్సర్లే ఇక్కడా పనిచేస్తాయి. ఫోన్‌ని తొడ మీద ఓసారి, మోకాలి కింద ఎముక మీద ఓసారి ఆనిస్తే రెండింటి మధ్య కోణం తెలుస్తుంది. నిన్న 70, ఇవాళ 74 అని కనిపిస్తే పెద్దావిడకీ పట్టుదల పెరుగుతుంది.

అమెరికాలోని డ్యూక్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు మోకీలు మార్పిడి చేయించుకున్న 306 మందిపై చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. అందులో వాడింది ఫోన్‌ కాదు, ఇంట్లో అమర్చిన కెమెరా. తెర మీది బొమ్మను చూస్తూ ఇంట్లో వ్యాయామం చేసినవారు, మామూలు ఫిజియోథెరపీ తీసుకున్నవారికి 12 వారాల తర్వాత ఏమీ తీసిపోలేదు. ఖర్చూ తగ్గింది. అయితే వాళ్లని యంత్రానికి వదిలేయలేదు. దూరం నుంచి ఓ థెరపిస్టు గమనిస్తూనే ఉన్నారు.

మన ఇళ్లలో జరిగేది వేరు. యాప్‌లో ఉండేది తరచూ ఇంగ్లిషు. బామ్మ చేసిందో లేదో చూడకుండానే మనవడు 'అయిపోయింది' మీట నొక్కేస్తాడు! అంతకంటే ఫిజియోథెరపిస్టు మొదటిరోజు దగ్గరుండి చేయిస్తున్నప్పుడు, ఆయన్ని అడిగి, ఆవిడ కాలితోనే వీడియో తీసుకుని, ఫోన్లో మూడు పూటలా అలారం పెట్టినా చాలావరకు పని జరుగుతుంది. వారానికోసారి వీడియో కాల్‌లో ఆయనకి చూపిస్తే తప్పులు దొరుకుతాయి. ఎవరికో పనికొచ్చిన యాప్‌లో గొంతుకూర్చునే వ్యాయామం ఉండొచ్చు. డాక్టరు సరేననకుండా అలాంటివి చేయకూడదు.

వాపుని, గాయాన్ని మాత్రం ఇంట్లోవాళ్లే రోజూ చూడాలి. పిక్క వాచి నొప్పెడుతుంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా ఇన్‌ఫెక్షన్‌ కావచ్చు. యాప్‌లో నమోదు చేసి ఊరుకోకుండా అదేరోజు ఆపరేషన్‌ చేసిన డాక్టరుకి చూపించాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే అదే ఫోన్‌తో వెంటనే 108కి కాల్‌ చేయాలి.