తల్లి మాటలో రోగలక్షణము

అద్దంకి యన్నంతనే సాహిత్యాభిమానులకు పండరంగని శాసనము స్మరణకు వచ్చును. క్రీ. శ. 848 ప్రాంతమున రాతిపై చెక్కిన ఆ తరువోజ తెలుగు పద్యముయొక్క ప్రాచీనతకు సాక్ష్యమై నిలిచినది. పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి ఇచ్చట రాజ్యము చేయుచుండగా ఎఱ్ఱాప్రగడ ఆతని ఆస్థానకవియై వెలసెను. శిలపై నిలిచిన ఆ తెలుగును గూర్చి పండితు లెంతయో వ్రాసిరి. కాని గుండ్లకమ్మ పరిసరములందు ప్రత్తిచేలలో, మిరపతోటలలో పనిచేయు తల్లుల నోట నిలిచిన తెలుగునకు మఱియొక విలువ కలదు. అది బిడ్డ ప్రాణమును నిలుపగల విలువ. దానిని ముందుగా గుర్తింపవలసినవారు వైద్యవిద్యార్థులు.

గుంటూరులో 1946లో వెలసిన కళాశాలలోనేమి, తరువాత వచ్చిన ఒంగోలు కళాశాలలోనేమి, విద్యార్థి శిశువైద్యమును ఆంగ్లమున నభ్యసించును. రోగి తల్లి మాటాడునది తెలుగు. “పిల్లోడు డొక్కలెగరేస్తున్నాడయ్యా” అని ఆమె చెప్పునప్పుడు అది పామరభాష యని తోసివేయుట పొరపాటు. ఊపిరి పీల్చునప్పుడు ఱొమ్ముక్రింది భాగము లోనికి పోవుట న్యుమోనియాలో ముఖ్యలక్షణమని గ్రంథములు చెప్పుచున్నవి. తల్లి చెప్పినదియు అదియే.

దగ్గు, జలుబు ప్రతిబిడ్డకును వచ్చును. అందు పెక్కు వాటియంతట అవియే తగ్గును. ఏది సామాన్యమైన దగ్గో, ఏది ఊపిరితిత్తులకు ప్రాకినదో తెలియుటయే వివేకము. అందులకు గొప్ప యంత్రము లక్కఱలేదు. బిడ్డ ఏడ్వక నెమ్మదిగా నున్నప్పుడు ఛాతీపై గుడ్డ తొలగించి, గడియారము చూచుచు, నిండు నిమిషము ఊపిరులు లెక్కింపవలెను. రెండు నెలలు నిండని శిశువునకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది మొదలు ఐదేండ్లలోపు బిడ్డకు 40, లేదా అంతకు మించినచో అది వేగమైన ఊపిరి. ఈ లెక్క తెలియనివాడు ప్రతి దగ్గునకు యాంటిబయాటిక్ వ్రాయును. లేక నిజమైన న్యుమోనియాను జలుబని పంపివేయును. రెండును కీడే.

విరేచనముల విషయమును ఇట్టిదే. “కళ్ళు పీక్కుపోయినై, నోరు పిడచకట్టుకుపోతోంది, మాడు గుంటపడ్డది” అను మాటలు ఒంటిలోని నీరు తఱిగినదనుటకు గుర్తులు. పొట్టమీది చర్మమును వ్రేళ్ళతో పట్టి వదలినప్పుడు అది మెల్లగా వెనుకకు పోయినచో ఆ గుర్తులు మఱింత దృఢపడును.

అయితే తల్లి మాట యంతయు వేదవాక్యమా? కాదు. “లంఖణం పరమౌషధం” అను సామెతను నమ్మి విరేచనములగు బిడ్డకు పాలును నీరును మాన్పించువా రున్నారు. పండ్లు వచ్చునప్పుడు విరేచనములు సహజమని ఉపేక్షించువా రున్నారు. తట్టు పోసిన బిడ్డకు అమ్మవారు వచ్చినదని మందు ఇప్పింపనివారును కలరు. ఇచ్చట వైద్యుడు పాటింపదగిన సూత్రము ఒక్కటియే: తల్లి చెప్పు లక్షణమును నమ్మవలెను, ఆమె చెప్పు కారణమును పరీక్షింపవలెను. లక్షణము ఆమె కన్నులార చూచినది. కారణము ఊరివారు చెప్పినది.

అజీర్తి చేసిన పెద్దవానికి లంఖణము మేలు చేయునేమో! ఒంటిలో నీరింకిపోవుచున్న పసివానికి అది మృత్యుహేతువు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగినప్పుడు, సెలైను సీసాలు చాలక, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని బంధువులచేతనే రోగులకు త్రాగించెను. నూటికి ముప్పది వఱకు నున్న మరణములు నాలుగింటికి లోపుగా దిగెను. ప్రేగు చెడియున్నను గ్లూకోజు తనతో ఉప్పును లోనికి గొనిపోవును. ఉప్పు వెంట నీరు పోవును. రహస్య మింతమాత్రమే. నేడు ఓ. ఆర్. యస్. పొట్లము దొరకనిచోట, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టుగా కొలిచి కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవచ్చును. చనుబాలు మాన్పరాదు. జింకును పది మొదలు పదునాలుగు దినములు ఈయవలెను. నెత్తురు పడనిచో సాధారణముగా యాంటిబయాటిక్ అక్కఱలేదు.

ఆలస్యము చేయరాని సందర్భములు నాలుగు: బిడ్డ పాలుగాని నీరుగాని త్రాగలేకుండుట, త్రాగినదంతయు కక్కుట, మూర్ఛ వచ్చుట, మగతగా పడియుండుట. ప్రపంచ ఆరోగ్య సంస్థయు యునిసెఫును 1990ల నడుమ రూపొందించిన శిశురోగ చికిత్సాపద్ధతిలో ఈ నాలుగింటికి ప్రథమస్థాన మిచ్చిరి. ఇందు దేనిని చూచినను వెంటనే ఆస్పత్రికి పంపవలెను. రెండు నెలలు నిండని శిశువు పాలు మానినను, ఒళ్ళు కాలినను, చల్లబడినను అట్లే చేయవలెను.

మిరపకాయలు కోయు దినములలో ఆస్పత్రికి వచ్చిన తల్లికి ఆనాటి కూలి పోవును. పని ముగించి పొద్దుగూకిన పిమ్మట వచ్చిన ఆమెను “ఇంతవఱకు ఏమి చేయుచుంటివి?” అని గద్దించినచో, మఱుసటిసారి ఆమె ఇంకను ఆలస్యముగా వచ్చును, లేదా రానే రాదు. “మంచిపని చేసితివమ్మా, తీసికొని వచ్చితివి” అని యారంభించి, మందు ఎట్లు ఈయవలెనో, మరల ఎప్పుడు రావలెనో ఆమె నోటనే చెప్పించుకొన్నవాడు వైద్యుడు. అరుదైన వ్యాధుల పేర్లు వల్లించినవాడు పరీక్షలో నెగ్గును. సామాన్యవ్యాధిని సకాలమున గుర్తించినవాడు బిడ్డను దక్కించును.

ఈ విద్యకు బీజము బడిలోనే పడవలెను. పొలమునకు పోయిన తల్లికి బదులు చెల్లిని, తమ్ముని ఎత్తుకొనునది బడిపిల్లలే. ఉపాధ్యాయు లొక్కనాడు గడియారము ముందుంచి ఊపిరులు లెక్కించుటను, లీటరు నీటిలో ఉప్పు చక్కెర కొలిచి కలుపుటను నేర్పినచో, ఆ పాఠము ఆ సాయంత్రమే ఇల్లు చేరును. ఆ పిల్లలలో నొకడు రేపు వైద్యుడైనచో, తల్లి భాష ఆతనికి క్రొత్తగా నేర్వవలసిన భాష కాకుండును.