తప్పుల పద్యము – ప్రూఫు పాఠము

పేరులో ఒక అక్షరము తప్పినందుకు, పదవీ విరమణ చేసిన ఉద్యోగి పింఛను కాగితములు చేతబట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరుగుట మన రైల్వే, తపాలా సోదరులకు క్రొత్త కాదు. సర్వీసు రిజిస్టరులో ఒక విధముగా, ఆధార్ కార్డులో మరొక విధముగా ఉన్న పేర్లు ఒకే మనిషివని ఋజువు చేయవలసిన భారము ఆ మనిషిపైననే పడుతున్నది. వ్రాసినవాడు సంతకము చేయుటకు ముందు మరొకసారి చదివి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. ఆ అలవాటు బడిలోనే పడవలెను. అయితే అది ఎర్రసిరాతోను, గోడకుర్చీతోను రాదనీ, నవ్వుతో తేలికగా వస్తుందనీ మా అభిప్రాయము.

ఇందుకు అమెరికాలో ఒక మంచి ఉదాహరణ ఉన్నది. నార్తర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జీవశాస్త్రజ్ఞుడు జెరొల్డ్ జార్ 1992లో ఒక హాస్య పద్యము వ్రాశారు. కంప్యూటరు తన అక్షరదోషములన్నీ పట్టివేస్తుందని మురిసిపోయేవాని మాటలవి. అందులోని ప్రతి మాటా నిఘంటువులో ఉన్నదే. కాని సగమునకు పైగా మాటలు అక్కడ ఉండవలసినవి కావు. అదే విధముగా వినిపించే వేరే మాటలు. యంత్రము ఒక్క తప్పును కూడ పట్టలేదు. పద్యము పేరులో సైతము పులిట్జర్ ప్రైజు కాస్తా 'పులెట్ సర్‌ప్రైజ్' అయినది. పులెట్ అనగా పడుచు కోడిపెట్ట!

మన భాషలో తప్పులు జరిగేది గుడి, కొమ్ము, దీర్ఘము, వత్తుల దగ్గర. పైగా మన పద్యమునకు గణములనే కాపలాదారు ఉన్నాడు. వాని శక్తి ఎంతో చూచుటకు మేమే ఒక ఆటవెలది కూర్చినాము. బడిపిల్లవాడు పంతులుగారికి వ్రాసిన సెలవు చీటీ ఇది:

అక్క పిల్లి జరుగు నాదివారమునాడు
సెలవు నీయరయ్య శీఘ్రముగను
మెడ మీద వంట మేళతాళములుండు
మీరు కూడ వచ్చి మెక్కవలయు

తరగతిలో దీనిని పైకి చదివించండి. మూడవ పాదము దగ్గర నాలుక తడబడుతుంది. అక్కడ 'మేడ' అని ఉంటే గురువు, లఘువు కలిసి హగణమయ్యేది. 'మెడ' అనగా రెండు లఘువులే, అది ఇక్కడ చెల్లే గణము కాదు. దీర్ఘము జారిపోయినదని ఛందస్సే చెప్పినది. కాని 'పెళ్ళి'కి బదులు 'పిల్లి' వచ్చి కూర్చుంటే గణము చెడదు, యతి చెడదు. 'మెచ్చవలయు' అన్నది 'మెక్కవలయు' అయినా అంతే. పంతులుగారికి కోపము రావచ్చును గాని పద్యమునకు కుంటు రాదు. ఈ రెంటిని పట్టగలిగినది అర్థము చూచి చదివే మనిషి మాత్రమే.

ఇంకొక తప్పు మిగిలినది. ఆదివారమునకు బడిపిల్లవానికి సెలవు చీటీ ఎందుకు? అక్షరములు సరియే, గణములు సరియే, మాటలూ సరియే, విషయమే తప్పు. దీనిని ముందుగా పట్టిన పిల్లవానికి మార్కులు వేయవలెను. (రైల్వేలో ఆదివారమునకు కూడ సెలవు చీటీ కావలసి ఉండుట వేరే సంగతి.)

వెనుకటి అచ్చు కార్యాలయాలలో ఒకరు మూలప్రతిని పైకి చదువుతుండగా మరొకరు ప్రూఫు చూచే పద్ధతి ఉండేది. తన తప్పు తన కంటికి ఆనదని అనుభవము మీద తెలిసినవారు పెట్టిన పద్ధతి అది. రెండవ మనిషి జీతము దండుగ అనుకొన్నచోట ఆ పద్ధతి పోయినది. అటువంటిచోట ఇద్దరి పని ఒకరి మీద వేసి, తప్పు దొర్లగానే ఆ ఒక్కరికే మెమో ఇచ్చుట న్యాయము కాదు. సరిచూచుట కూడ పనియే. దానికి సమయము, మనిషి కావలెనని మనము అడగవలసి ఉన్నది.

ఇక పిల్లల సంగతి. మన శాఖలు వేసవి సెలవులలో తరగతులు నడిపేచోట ఈ ఆట ఆడించవలసినదిగా కోరుతున్నాము. దిద్దించుట కంటె తప్పులు కూర్పించుట మేలు. మాట నిజమైనదిగా ఉండి చోటు మాత్రమే తప్పు కావలెనంటే, పిల్లవాడు ప్రతి అక్షరమును రెండుసార్లు చూడక తప్పదు. బాగున్న పద్యములు మాకు పంపండి, ప్రచురిస్తాము. అచ్చువేయువారు అలవాటు కొద్దీ ఆ తప్పులను దిద్దివేయకుండ చూచే పూచీ మాది.