ఒంటరి గుర్రానికి ఒక తోడు

పోయిన చలికాలంలో నాకొక ఉత్తరం వచ్చింది. ఇంగ్లండులో డెవన్ జిల్లానుంచి మన తెలుగు ఇల్లాలు ఒకామె వ్రాసింది. భర్త అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. పన్నెండేళ్ళ కూతురు. డార్ట్‌మూర్ కొండల అంచున ఇల్లు కొనుక్కున్నారు. ఇంటితోపాటు మూడెకరాల గడ్డిబీడూ, ఆ బీడులో రెండు ముసలి పోనీలూ వచ్చాయిట. ఇల్లమ్మిన ముసలావిడ, "వీటిని వేరే చోటికి పంపితే బ్రతకవు, మీరే చూసుకోండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కాదనలేకపోయారు.

రెండేళ్ళు బాగానే గడిచింది. మొన్న డిసెంబరులో రెంటిలో పెద్దది చచ్చిపోయింది. మిగిలిన దానికి ఇరవై రెండేళ్ళు. అప్పటినుంచీ అది గేటు దగ్గరే నిలబడుతోంది. గడ్డి సగం వదిలేస్తోంది. ఎవరు వచ్చినా తలెత్తి ఒకసారి సకిలించి, వచ్చింది తన తోడు కాదని తెలిసి తల వాల్చేస్తోంది.

"అక్కయ్యగారూ, మీకు నవ్వులాటగా వుంటుందేమో. కాని మా అమ్మాయి రోజూ బడినుంచి వచ్చి దాని మెడ పట్టుకుని ఏడుస్తోంది. మావారేమో, గడ్డి వుంది, నీళ్ళున్నాయి, కొట్టం వుంది, జంతువుకు ఇంకేం కావాలి అంటారు. ఇంకొకదాన్ని తెద్దామంటే, రేపు ఇది పోతే అది ఒంటరిదౌతుంది, దానికి మళ్ళీ ఇంకొకటా, దీనికి అంతెక్కడ అంటారు. ఆయన మాటా సబబుగానే వుంది. నాకేం తోచటంలేదు," అని వ్రాసింది.

నిజం చెప్పొద్దూ, ఉత్తరం చదవగానే నాకు కొంచెం విసుగే కలిగింది. మనుషుల ఒంటరితనానికే దిక్కులేని రోజుల్లో గుర్రం ఒంటరితనమా అనుకున్నాను. పైగా 'పోనీ' అన్న మాటకు మన భాషలో అర్థమే 'వదిలెయ్యండి' అని! కాని ఉత్తరం మడిచి పెట్టాక మా వూరి జట్కా తాత గుర్తుకొచ్చాడు. ఇక వదిలెయ్యటానికి వీల్లేకపోయింది.

మా చిన్నతనంలో మా వూరి రైల్వే స్టేషను ముందర జట్కాలు వరసగా ఆగి వుండేవి. వాటిలో ఒక తాత బండికి తెల్లమచ్చల తట్టువు ఉండేది. రాత్రిళ్ళు దాని పక్కనే ఒక మేకను కట్టేసేవాడు. ఒకసారి డబ్బుకు ఇబ్బందిపడి మేకను అమ్మేశాడు. ఆ రాత్రి గుర్రం ఉలవలు ముట్టలేదు. మర్నాడు బండి లాగలేదు. మూడోనాడు తాత వెళ్ళి, తానమ్మిన ధరకంటే రెండు రూపాయలు ఎక్కువిచ్చి మేకను వెనక్కు తెచ్చుకున్నాడు. మా తాతయ్య, "మేకకోసం నష్టపడ్డావేమిరా?" అంటే, "మేకకోసం కాదు బాబుగారూ, గుర్రంకోసం. అది కడుపు నిండితే నిద్రపోయే రకం కాదండి. పక్కన ఊపిరి వినపడాల," అన్నాడు.

ఆ తాత ఏ పుస్తకమూ చదవలేదు. అతనన్నదే శాస్త్రజ్ఞులూ అంటున్నారు.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటాడబడే జంతువు. బయళ్ళలో మందగా బ్రతకటం దానికి తరతరాలుగా వచ్చిన స్వభావం. పది జతల కళ్ళు చుట్టూ చూస్తూంటేనే దానికి నిర్భయంగా మేత సాగుతుంది. గుర్రం నిలబడి నిద్రపోతుందని మనం వింటూంటాం. అది కునుకు మాత్రమే. కాళ్ళ కీళ్ళు బిగించుకుని కునుకు తియ్యగలదు కాని, గాఢనిద్రకు అదీ పడుకోవలసిందే. రోజుకు అరగంటో, ఆపైన కాస్తో చాలు. కాని ఆ కాస్సేపైనా పడుకోవాలంటే, ఇంకొకటి నిలబడి కాపలా కాస్తోందన్న ధీమా వుండాలి. ఒంటరి గుర్రానికి ఆ ధీమా ఎక్కడిది?

రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి, ఒకదాని మెడ మొదట్లో ఇంకొకటి పళ్ళతో గోకటం మీరు చూసే వుంటారు. ఫ్రాన్సులోని కామార్గ్ గుర్రాలమీద జరిగిన పరిశోధన ఒకటి 1993లో వెలువడింది. సరిగ్గా అవి గోక్కునే ఆ చోట మనిషి చేత్తో గోకితే గుర్రం గుండె కొట్టుకునే వేగం తగ్గిందిట. వేరేచోట గోకితే తగ్గలేదు. అంటే అది ఉట్టి దురద తీర్చుకోవటం కాదు, ఒకదానికొకటి ఇచ్చుకునే ధైర్యం.

అందుచేత డాక్టరుగారికి చెప్పమని ఆ చెల్లెమ్మకు మొదట వ్రాసిన సంగతి ఇదీ: ఆయన వున్న దేశంలో 2006లో వచ్చిన జంతు సంక్షేమ చట్టం, పెంచేవాళ్ళు తీర్చవలసిన అవసరాల్లో మేత, నీడ, వైద్యంతోపాటు 'తోటి జంతువులతో వుండటమో, వేరుగా వుండటమో, ఏది తగితే అది' అని కూడా చేర్చింది. గుర్రానికి తగినది తోడే.

ఇక రెండో చిక్కు. అమ్మాయికి పిల్లగుర్రం కావాలిట. డార్ట్‌మూర్ కొండలమీద మేసే పోనీలకు యజమానులున్నారు. ఏటా శరదృతువులో వాటిని దింపి, పిల్లల్ని సంతల్లో అమ్ముతారు. చవకగానే దొరుకుతాయి. ముద్దుగా వుంటాయి. కాని మనిషి చెయ్యి ఎరగని పిల్లను మచ్చిక చెయ్యటం అనుభవంలేనివాళ్ళ పని కాదు. పైగా ఇరవై రెండేళ్ళ ముసలిదానికి గంతులువేసే పిల్లను జతచేస్తే, తాతగారి పడకకుర్చీ పక్కన బంతాట పెట్టినట్లు వుంటుంది. పోనీలు ముప్ఫై ఏళ్ళదాకా బ్రతకటం వింతకాదు. అమ్మాయికి ఇప్పుడు పన్నెండు. ఆ పిల్ల ముసలిదయ్యేనాటికి ఈమె నలభై దాటిన ఇల్లాలు. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

మరైతే తోడు ఎక్కడ దొరుకుతుంది? ఆదరణలేక పాడైన గుర్రాలను చేరదీసే సంస్థలు ఆ దేశంలో చాలా వున్నాయి. వాటిలో ఒకదాని కథ చెప్పుకోతగ్గది. ఏడా కోల్ అనే ఆవిడ 1911లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో నిలబడి, ఇంగ్లండునుంచి ఓడల్లో వచ్చిన ముసలి గుర్రాలను, జీవితమంతా బళ్ళు లాగి అలిసిన వాటిని, కబేళాకు తోలుకుపోవటం కళ్ళారా చూసింది. ఆ దృశ్యం ఆమెను వదలలేదు. 1927లో ఒక సంఘం పెట్టింది. 1930లో ఆమె పోయింది. ఆ ఎగుమతులను అరికట్టే చట్టం 1937లో వచ్చింది. ఆమె సంఘమే ఈనాడు వరల్డ్ హార్స్ వెల్ఫేర్ అనే పేరుతో నడుస్తోంది. 1984లో నార్‌ఫక్‌లో పుట్టిన రెడ్‌వింగ్స్, 1897నాటి బ్లూ క్రాస్, ఇంకా పాతదైన ఆర్.ఎస్.పి.సి.ఎ. కూడా గుర్రాలకు ఇళ్ళు వెతుకుతాయి.

ఈ సంస్థల దగ్గర స్వారీకి పనికిరాని పోనీలు ఎన్నో వుంటాయి. ఒకదానికి కీళ్ళనొప్పులు. ఒకదానికి ఒక కన్ను పోయింది. ఒకదానికి వీపు బలహీనం. వాటిని అడిగేవాళ్ళు తక్కువ. కాని మన ముసలిదానికి కావలసింది సవారీ గుర్రం కాదుగా! పక్కన నిలబడి మేసే ప్రాణి. ఎవరికీ అక్కరలేని గుణమే ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

అయితే అడగ్గానే ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. వాళ్ళ మనిషి వచ్చి బీడు చూస్తాడు. ఒక్కొక్క గుర్రానికి ఎకరంనుంచి ఎకరంన్నర మేత భూమి వుండాలని అక్కడి గుర్రాల సంఘం చెబుతుంది. మూడెకరాలకు రెండు సరిగ్గా సరి. కంచె గట్టిదేనా, రాగ్‌వర్ట్ అనే పచ్చపూల విషపు మొక్కను పీకేస్తున్నారా, యూ చెట్టు అందుబాటులో వుందా అని చూస్తారు. ఆ చెట్టు ఆకు కొంచెం తిన్నా గుర్రానికి ప్రాణాపాయం.

ఆ పైన ఖర్చు. సవారీ చెయ్యని గుర్రానికి ఖర్చు తక్కువనుకుంటే పొరపాటు. ఆరు, ఎనిమిది వారాలకొకసారి డెక్కలు కత్తిరించాలి. పళ్ళు చూపించాలి. ధనుర్వాతానికీ, ఫ్లూ జ్వరానికీ టీకాలు వేయించాలి. పేడ పరీక్షచేసి నులిపురుగులకు మందివ్వాలి. 2020 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులో ప్రతి గుర్రానికీ, గాడిదకూ చర్మం కింద మైక్రోచిప్ తప్పనిసరి. పాస్‌పోర్టూ వుండాలి. నవ్వకండి, మనకిచ్చినట్లే గుర్రానికీ పాస్‌పోర్టు!

ఇంకొక్క మాట. అక్కడి పోనీలకు ఆకలికంటే తిండి ఎక్కువవటమే ప్రమాదం. బీద కొండలమీద బ్రతికిన జాతులు. వసంతకాలంలో తియ్యటి పచ్చిగడ్డి కడుపునిండా తింటే ఒళ్ళు పెరిగి, డెక్క లోపలి పొరలు వాచిపోతాయి. లామినైటిస్ అంటారు. అడుగు తియ్యలేనంత నొప్పి. అందుకని, కొత్తగా వచ్చేదీ వున్నదీ ఒకే రకం మేతకు సరిపడేవిగా వుంటే మేలు. ఒకదాన్ని కట్టడిలోవుంచి, ఇంకొకదానికి విందు పెడుతూంటే, జత కలిపిన ఫలం దక్కదు.

వచ్చిన రోజునే రెంటినీ కలిపేయకూడదు. రెండు మూడు వారాలు దూరంగా వుంచి, స్ట్రాంగిల్స్ అనే గొంతు గడ్డల అంటురోగం లేదని తేల్చుకోవాలి. తరవాత మధ్య కంచెవుంచి, పక్క పక్క బీళ్ళలో వదలాలి. వాసన చూసుకుంటాయి, కీచుమంటాయి, కాళ్ళు నేలకేసి కొడతాయి. కంగారుపడకూడదు. అత్తాకోడళ్ళు కూడా మొదటి వారం అంతేగా! కంచె దగ్గర పక్కపక్కన నిలబడి మేయటం మొదలుపెట్టాక, విశాలమైన చోట కలపాలి. ఒక మూలకు నెట్టి తన్నే వీలు వుండకూడదు. గడ్డి మోపులు రెండు గుర్రాలకు మూడు చోట్ల వేస్తే పోట్లాట తగ్గుతుంది.

మరి డాక్టరుగారి అసలు ప్రశ్న? అంతెక్కడ అని. దానికి జవాబు ఆ సంస్థల పద్ధతిలోనే వుంది. వాళ్ళు గుర్రాన్ని అమ్మరు. పెంపకానికి ఇస్తారు. యాజమాన్యం వాళ్ళదే. అప్పుడప్పుడు వచ్చి చూస్తారు. దాన్ని మనం అమ్మటానికీ, మరొకరికివ్వటానికీ వీల్లేదు. రేపు మన ముసలిది పోతే, ఇది ఒంటరిగా మిగలనక్కరలేదు. చెప్పి వెనక్కు పంపవచ్చు, అక్కడ దానికి మంద వుంటుంది. తోడును వెతికేటప్పుడు విడిపోయే రోజుకు కూడా దారి చూసుకోవటం నిర్దయ కాదు, బాధ్యత.

చివరికి ఒక సంగతి అడిగాను. పెద్దది చనిపోయినప్పుడు ఈ రెండోదానికి ఆ శవాన్ని చూడనిచ్చారా అని. గుర్రాలనూ గాడిదలనూ ఎరిగినవాళ్ళు, కాస్సేపు చూడనివ్వాలనే చెబుతారు. అవి దగ్గరకు వెళ్ళి వాసన చూస్తాయి, కాస్సేపు నిలబడతాయి, తరవాత తమంతట తామే పక్కకు తప్పుకుంటాయి. చూడనివి వెతుక్కుంటూనే వుంటాయి. ఆమె జవాబు ఒక్క వాక్యం: "లేదక్కయ్యగారూ, మా అమ్మాయి చూడకూడదని తెల్లవారకముందే తీయించేశాం." ఆ ముసలిది గేటు దగ్గర ఎందుకు నిలబడుతోందో అప్పుడు తెలిసింది.

ఇదంతా ఫిబ్రవరి సంగతి. మొన్న రెండో ఉత్తరం వచ్చింది. ఆమె ఒప్పుకోబట్టే ఇక్కడ వ్రాస్తున్నాను. ఒక సంస్థనుంచి పదిహేడేళ్ళ పోనీని తెచ్చుకున్నారు. కుడికన్ను లేదు. మొదట దరిదాపులకు రానివ్వలేదుట మన ముసలిది. రెండుసార్లు కరవబోయింది. పదిరోజులు గడిచాక, గుడ్డికన్ను పక్కనే నిలబడటం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు.

"నిన్న తెల్లవారుజామున డాక్టరుగారు డ్యూటీకి వెళుతూ నన్ను లేపి కిటికీ దగ్గరకు రమ్మన్నారు," అని వ్రాసింది. "మా ముసలిది బీడు మధ్యలో కాళ్ళు చాపుకుని పడుకుని వుంది. ఒక్క క్షణం నా గుండె ఆగిపోయిందక్కయ్యగారూ. తరవాత చూస్తే, రెండోది దాని పక్కనే నిలబడి వుంది. ఇది గుర్రుపెట్టి నిద్రపోతోంది. డిసెంబరు తరవాత అది పడుకోగా చూడటం ఇదే మొదలు. మావారు ఏమీ అనలేదు. చప్పుడు కాకుండా కారు గేటుదాకా తోసుకుంటూ వెళ్ళి, అక్కడ స్టార్టు చేసుకున్నారు."

జట్కా తాత వుంటే ఈ ఉత్తరం చదివి వినిపించేదాన్ని.