హాజరు పట్టీలో కనిపించని గైర్హాజరు

వేసవి దాటిందంటే ఐ.టి.ఐ. ప్రవేశాల ప్రకటనలు మొదలవుతాయి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, డ్రెస్ మేకింగ్, కోపా అంటూ ట్రేడుల జాబితా, పక్కన సీట్ల సంఖ్య, అందులో ఆడపిల్లలకు మూడోవంతు అన్న మాట. ఎంతమంది చేరారో లెక్క ఉంటుంది. చేరినవాళ్ళలో ఎంతమంది పరీక్ష హాలు దాకా వచ్చారు, రానివాళ్ళు ఎందుకు రాలేకపోయారు అన్న లెక్క మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘హాజరు చాలలేదండీ.’ ఈసారి సంపాదకీయంలో ఆ రెండు మాటల గురించే రాయదలచుకున్నాను.

నిబంధన అందరికీ తెలిసిందే. శిక్షణ కాలంలో నూటికి 80 హాజరు లేకపోతే ఆలిండియా ట్రేడ్ టెస్టుకు కూర్చోనివ్వరు. ఆ పరీక్ష పాసవకపోతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టు రాదు. ఆ కాగితం లేకపోతే రైల్వేలోనో, విద్యుత్ సంస్థలోనో, ఫ్యాక్టరీలోనో ట్రేడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే దారి మూసుకున్నట్టే. ఫీజు రీయింబర్స్‌మెంటుకీ, ఉపకార వేతనానికీ మరో లెక్క ఉంది: నూటికి 75. అంటే హాజరు తగ్గిన అమ్మాయికి ఇటు డబ్బూ ఆగుతుంది, అటు పరీక్షా ఆగుతుంది. రెండు దెబ్బలు ఒకేసారి తగిలాక మూడోది ఇంట్లో తగులుతుంది: ‘ఇంక చదివింది చాల్లే’ అని.

ముందే ఒక మాట స్పష్టం చేస్తాను. నేను హాజరు నిబంధనకు వ్యతిరేకిని కాను. లేత్ మీద ఇనుప కడ్డీని కొలత తప్పకుండా తీయడం, తీగలకు జాయింటు వేయడం, జాకెట్టు కటింగు వేయడం పుస్తకం చదివితే వచ్చేవి కావు. చెయ్యి తిరగాలి. చెయ్యి తిరగాలంటే రోజూ రావాలి. సగం నేర్చుకుని కరెంటు స్తంభం ఎక్కినవాళ్ళ ప్రాణానికే ముప్పు. పైగా సగం పని వచ్చిన ఆడదానికి సగం కూలీ కూడా దక్కదు. ‘ఆడవాళ్ళకి ఈ పనులు చేతకావు’ అనేవాళ్ళ నోటికి మనమే మాట అందించినట్టవుతుంది. కనుక అమ్మాయిలు పూర్తిగా నేర్చుకుని బయటికి రావాలన్నది మన కోరిక కూడా.

నా అభ్యంతరం వేరు. హాజరు పట్టీ రాలేదన్న సంగతిని రాసుకుంటుంది గాని, ఎందుకు రాలేదో రాసుకోదు. మగపిల్లాడు సినిమాకి వెళ్ళి మానేసిన రోజుకీ, అమ్మాయి జబ్బుపడిన అత్తగారి దగ్గర ఆసుపత్రిలో కూర్చున్న రోజుకీ పట్టీలో ఒకటే గుర్తు. ఇద్దరినీ సమానంగా చూస్తున్నామని సంస్థ అనుకుంటుంది. అసమానంగా బతుకుతున్నవాళ్ళను ఒకే కొలతతో కొలవడం సమానత్వం ఎలా అవుతుంది?

మా కార్యకర్తలతో కలిసి నేను మాట్లాడిన అమ్మాయిలు తాము మానేసిన రోజుల గురించి చెప్పినవి వింటే, వాటిలో సరదాకి మానేసినవి బహు తక్కువ. పత్తి తీతల రోజుల్లో, నాట్ల రోజుల్లో తల్లి కూలికి వెళ్తే ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకునేది పెద్దమ్మాయే. చుట్టాలొస్తే వంటకి ఆగేది ఆమే. పెళ్ళిచూపులంటే ఆ రోజు పోయినట్టే. ఇక బస్సు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్.టి.సి. బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. ఇది నిజంగా పెద్ద మేలే. టిక్కెట్టు డబ్బుల కోసం ఇంట్లో చెయ్యి చాపే బాధ తప్పింది. కాని టిక్కెట్టు తీసేసినంత మాత్రాన ఊరికి బస్సు రాదు కదా! పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చే ఊళ్ళో ఆ పొద్దుటి బస్సు తప్పితే ఆ రోజు గైర్హాజరే. అరగంట ఆలస్యంగా వస్తే ‘ఆబ్సెంటు వేసేశాను, వెళ్ళిపో’ అనే ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు. రానుపోను ముప్ఫై కిలోమీటర్లు ప్రయాణించిన అమ్మాయి ఆ రోజు ఇంట్లో ఉన్నట్టే లెక్క.

నెలసరి గురించి మాట్లాడటానికి ఇంకా సిగ్గుపడుతున్నాం. ఎనిమిదింటికి ఇల్లు వదిలి సాయంత్రం ఆరింటికి చేరే అమ్మాయి, నీళ్ళు రాని, గడియ పడని మరుగుదొడ్డి ఉన్నచోట, వర్క్‌షాపులో గంటల తరబడి నిలబడి ఆ రోజుల్లో ఎలా పనిచేయాలి? నెలకు రెండు రోజులు మానేస్తే పది నెలల్లో ఇరవై రోజులు. ఏడాదికి 200 పనిదినాలు అనుకుందాం. 80 శాతమంటే 160 రోజులు రావాలి, మానడానికి ఉన్నవి 40. అందులో సగం కేవలం ఆడపిల్లగా పుట్టినందుకే ఖర్చయిపోతున్నాయి. మగపిల్లాడికి 40, ఆమెకు 20. ఇదీ సమాన నిబంధన అసలు స్వరూపం.

ఇది తీర్చలేని సమస్యేమీ కాదు. కేరళ ప్రభుత్వం 2023 జనవరిలో విశ్వవిద్యాలయాల విద్యార్థినులకు కావలసిన హాజరును 75 నుంచి 73 శాతానికి తగ్గించింది. 2024 నవంబరులో ఐ.టి.ఐ. అమ్మాయిలకు నెలకు రెండు రోజులు నెలసరి సెలవు ప్రకటించింది. ఐ.టి.ఐ.లకు అలాంటి సెలవు ఇవ్వవచ్చునని ఒక రాష్ట్రం ఒప్పుకోవడమే మనకు ఆధారం. మన రెండు ప్రభుత్వాలూ దీన్ని పరిశీలించాలి. అయితే ఒక జాగ్రత్త ఉంది. సెలవు ఇచ్చి, ఆ రోజుల్ని మళ్ళీ 80 శాతం లెక్కలో కోసేస్తే అది ఒక చేత్తో పెట్టి రెండో చేత్తో లాక్కోవడమే. అలాగే సెలవు పేరు చెప్పి మరుగుదొడ్డి బాగుచేయడం మానేస్తే అదీ ఒప్పుకోకూడదు. ఆ రోజుల్లో రాగలిగిన అమ్మాయి, రావాలనుకున్న అమ్మాయి హాయిగా వచ్చి పనిచేసుకునే వీలు ఉండాలి.

గర్భం దాల్చిన అమ్మాయి సంగతి మరీ అన్యాయం. పద్దెనిమిదికే పెళ్ళిళ్ళు చేసే సమాజం మనది. కోర్సు మధ్యలో పెళ్ళి, ఆ వెంటనే గర్భం, కాన్పు. ఆ అమ్మాయి పేరు చప్పుడు లేకుండా పట్టీలోంచి పోతుంది. ఉద్యోగినులకు 1961లోనే ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. 2017 సవరణతో 26 వారాల సెలవు వచ్చింది. పరిశోధన చేసే స్త్రీలకు 2016లోనే 240 రోజుల సెలవు కల్పించిన విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, 2021 డిసెంబరులో డిగ్రీ, పి.జి. విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని విశ్వవిద్యాలయాలకు రాసింది. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు ఒక ఎం.ఎడ్. విద్యార్థిని కేసులో, చదువా తల్లితనమా ఏదో ఒకటి తేల్చుకోమని స్త్రీని బలవంతపెట్టకూడదన్న అర్థంలో తీర్పు చెప్పింది. పరిశోధక విద్యార్థినికి ఉన్నదీ, ఎం.ఎడ్. విద్యార్థిని కోర్టుకు వెళ్ళి సాధించుకున్నదీ, వెల్డింగు నేర్చుకునే అమ్మాయికి అడగకుండానే ఎందుకు ఉండకూడదు? ఆమె కోర్టుకి వెళ్ళలేదు. వెళ్ళాలన్న ఊహ కూడా ఆమెకు రాదు. హక్కులు పెద్ద చదువుల మెట్ల దగ్గరే ఆగిపోవడం మనం చాలాకాలంగా చూస్తున్నదే.

బయటికి చెప్పుకోలేని కారణం ఇంకొకటుంది. యంత్రం చూపించే నెపంతో మీద చేతులు వేసే ఇన్‌స్ట్రక్టరు, దారి కాచే తోటి విద్యార్థి. అమ్మాయి ఫిర్యాదు చేయదు, మానేస్తుంది. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం వృత్తిశిక్షణ సంస్థలకూ వర్తిస్తుంది. పదిమందీ అంతకుమించీ పనిచేసేచోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విచారణ సాగుతుండగా బాధితురాలికి మూడు నెలల వరకు సెలవు ఇప్పించే వీలును కూడా చట్టం కల్పించింది. ఎన్ని సంస్థల గోడ మీద ఆ కమిటీ సభ్యుల పేర్లు రాసి ఉన్నాయో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి.

హాజరు తగ్గిన అమ్మాయిని సంస్థలు దారిలో పెట్టే పద్ధతి కూడా చూడాలి. ‘మీ నాన్నని తీసుకురా.’ పెళ్ళయితే ‘మీ ఆయన్ని తీసుకురా.’ ఇరవై ఏళ్ళ అమ్మాయి ఓటు వేయగలదు, తన హాజరు గురించి మాత్రం తాను మాట్లాడలేదు! మగపిల్లాడి తండ్రిని పిలిస్తే నాలుగు చీవాట్లు పెట్టి మళ్ళీ పంపిస్తాడు. ఆడపిల్ల తండ్రిని పిలిచి ‘క్లాసుకి రావడం లేదు’ అంటే అతని చెవికి వినిపించేది వేరు: ‘మరి ఎక్కడికి వెళ్తోంది?’ ఆ ఒక్క ప్రశ్నతో ఎన్నో చదువులు ఆగిపోయాయి. బస్సు తప్పి స్టాండులో కూర్చున్న అమ్మాయి శీలం మీదికి మాట తెచ్చే హక్కు ఏ ప్రిన్సిపాలుకీ లేదు.

ఇక నా అసలు ప్రశ్నకు వస్తాను. అమ్మాయి రాని రోజులు పట్టీలో ఉన్నాయి. సంస్థ రాని రోజులు ఎక్కడ ఉన్నాయి? ఇన్‌స్ట్రక్టరు పోస్టు ఖాళీగా ఉండి ఒకరే రెండు ట్రేడులు చూసిన రోజులు, యంత్రం చెడిపోయి మెకానిక్ రాని వారాలు, వెల్డింగ్ రాడ్లూ కుట్టు గుడ్డా సరఫరా లేక ఊరికే కూర్చున్న పూటలు, కరెంటు పోయిన గంటలు. ఆ రోజుల్లో అమ్మాయి వచ్చింది, పట్టీలో హాజరు పడింది, నేర్చుకున్నది ఏమీ లేదు. యంత్రాలు తక్కువున్నచోట మగపిల్లలు ముందుకు తోసుకుని నిలబడితే అమ్మాయిలు వెనక నుంచి చూస్తారు. పంద్రాగస్టుకి ముగ్గులు వేయడానికి, అతిథులకు టీలు అందించడానికి, ఆఫీసులో రిజిస్టర్లు అందంగా రాయడానికి మాత్రం అమ్మాయిలనే పిలుస్తారు. పట్టీలో హాజరు, యంత్రం దగ్గర గైర్హాజరు! ఇంకోపక్క కొన్నిచోట్ల ఫీజు డబ్బుల కోసం మొహం చూపించనివాళ్ళకీ పూర్తి హాజరు రాసే దందా నడుస్తుంది. నిబంధన నిజాయితీగా బస్సెక్కి వచ్చే అమ్మాయినే పట్టుకుంటోంది.

దొంగ హాజరుకు మందు వేలిముద్రల యంత్రమన్నారు. మంచిదే. కాని బీడీలు చుట్టి, సున్నం, సిమెంటు పనులు చేసి అరిగిన వేళ్ళు యంత్రానికి అందవని రేషన్ దుకాణాల దగ్గర చూశాం. యంత్రం గుర్తించకపోతే రాసుకునే కాగితం పట్టీ కూడా ఉండాలి.

కనుక మన కోరికలు ఇవి. హాజరును రోజుల్లో కాక పని నేర్చుకున్న గంటల్లో లెక్కించాలి. ఆలస్యమైతే ఆ గంటే పోవాలి, రోజు పోకూడదు. తప్పిపోయిన ప్రాక్టికల్ గంటలను సెలవు రోజుల్లోనో, సాయంత్రాలో పూర్తిచేసుకునే ఏర్పాటు ఉండాలి. అప్పుడు పని నాణ్యత తగ్గదు, అమ్మాయి చదువూ పోదు. నెలసరి సెలవు హాజరు లెక్కలోంచి మినహాయించాలి. కాన్పు అయిన అమ్మాయి తర్వాతి బ్యాచితో అదే సీటులో కొనసాగడం హక్కు కావాలి, ప్రిన్సిపాలు కనికరం కాకూడదు. ఎవరి హాజరు ఎంతో నెలనెలా ఆ విద్యార్థినికే చెప్పాలి, పరీక్ష ముందు రోజు కాదు. ఐ.టి.ఐ. వేళలకు తగ్గట్టు ఆర్.టి.సి. బస్సు నడపాలి. అన్నిటికంటే ముఖ్యంగా, సంస్థ కూడా తన పట్టీ గోడకు పెట్టాలి. ఈ నెల ఎన్ని గంటలు ఇన్‌స్ట్రక్టరు ఉన్నాడు, ఎన్ని యంత్రాలు నడిచాయి, ఎంత సామాను వచ్చింది? తన హాజరు 80 శాతం లేని సంస్థ ఒక అమ్మాయిని ఏ మొహంతో ఆపుతుంది?

1977లో కేంద్రం మహిళల కోసం ప్రత్యేక వృత్తిశిక్షణ కార్యక్రమం ప్రారంభించినప్పటి నుంచీ ‘స్త్రీలు సాంకేతిక రంగంలోకి రావాలి’ అన్న మాట వింటూనే ఉన్నాం. తలుపు తెరిచి గడప ఎత్తు పెంచితే ఎవరు లోపలికి రాగలరు?

మన సంఘం సభ్యులు తమ మండలంలోని ఐ.టి.ఐ.కి వెళ్ళి, మధ్యలో మానేసిన అమ్మాయిల పేర్లు తెలుసుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాలని కోరుతున్నాను. వాళ్ళు చెప్పిన కారణాలు, పేర్లు బయటపెట్టకుండా, పత్రికకు రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం, అధికారుల ముందు పెడతాం. చదువుతున్న అమ్మాయిలకు ఒక మాట: మీ హాజరు ఎంతో ప్రతి నెలా అడిగి రాసుకోండి. ఇన్‌స్ట్రక్టరు రాని రోజులు కూడా పక్కనే రాసుకోండి. లెక్క రెండువైపులా ఉన్నప్పుడే ‘హాజరు చాలలేదండీ’ అన్న జవాబుకు మన దగ్గర ఎదురు ప్రశ్న ఉంటుంది.