ఉమ్మి పంపమంటారా?

పోయిన నెల మన విందులో పులిహోర కోసం వరుసలో నిలబడి ఉండగా సభ్యురాలొకరు మమ్మల్ని ఆపి అడిగారు: "మా నాన్నగారికి ఎనభై రెండేళ్ళు. ఆల్‌జైమర్స్ అన్నారు. ఊళ్ళో అన్నయ్యా వదినే చూసుకొంటున్నారు. ఇక్కడ మా అబ్బాయేమో, డబ్బాలో ఉమ్మి పంపితే నాకూ వస్తుందో రాదో తెలిసిపోతుందంటాడు. పంపమంటారా?"

వరుసలో నిలబడి చెప్పే జవాబు కాదు గనక ఇక్కడ వ్రాస్తున్నాం.

అబ్బాయి చెప్పింది ఏపీఓఈ అనే జన్యువు సంగతి. అది తయారుచేసే ప్రొటీనుది కూలిపని: రక్తంలోనూ మెదడులోనూ కొవ్వు మోయడం. 299 అమైనో ఆమ్లాల దండ అది. మామూలుగా 112వ పూస సిస్టీన్. అక్కడ ఆర్జినిన్ పడితే దాన్ని నాలుగో రకం అంటారు. ఒక్క పూస తేడా! ఈ రకం మెదడులో పేరుకొనే అమిలాయిడ్ చెత్తను సరిగా ఊడ్వలేదు. అమ్మ నుంచో నాన్న నుంచో ఒకటి వస్తే ముప్పు రెండు మూడు రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు అని లెక్క. అయితే ఈ లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతివారిని చూసి కట్టినవి. 1994లో ఫ్రాన్సులో నూరేళ్ళవారిని పరీక్షిస్తే వారిలో నాలుగో రకం తక్కువగా కనిపించింది. తక్కువే గాని సున్న కాదు. అది ఉండీ జబ్బు రానివారున్నారు, లేకుండా వచ్చినవారూ ఉన్నారు. కాబట్టి "వస్తుందో రాదో" అన్నది ఆ డబ్బా చెప్పలేదు.

పైగా ఉమ్మి ఒకరిదే గాని ఫలితం ఒకరిది కాదు. ఆవిడకు రెండూ నాలుగో రకమేనని తేలితే, పిల్లలందరికీ తలా ఒకటి వచ్చినట్టే. అన్నయ్యకూ ఉండే అవకాశం హెచ్చు. డి.ఎన్.ఏ. నిర్మాణం కనిపెట్టినవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్, 2007లో తన జన్యువులన్నీ లోకానికి విప్పి చూపుతూ, ఈ ఒక్కటి మాత్రం తనకు కూడా చెప్పవద్దన్నారు.

బీమా సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. అమెరికాలో 2008 నాటి చట్టం ప్రకారం జన్యు ఫలితం చూసి ఆరోగ్య బీమా కాదనకూడదు, ఉద్యోగం తీసెయ్యకూడదు. జీవిత బీమాకు, ముసలితనపు సంరక్షణ బీమాకు ఆ చట్టం వర్తించదు. అందుచేత మా సలహా: ముందు బీమా, తరవాత ఉమ్మి. రక్తపోటు, చక్కెర, వినికిడి పరీక్షలకు మాత్రం ఆలోచన అక్కరలేదు, రేపే వెళ్ళండి.

ఆవిడ డబ్బా కొన్నారు గాని ఇంకా విప్పలేదు. వేసవిలో నాన్నగారిని చూడటానికి వెళ్ళినప్పుడు అన్నయ్యను అడుగుతారట.